సూదమ్మ గూడూ, వకుళమ్మ గొట్టాలూ

వకుళమ్మగారి పెరట్లో సూర్యుడికన్నా ముందు లేచేది చిటికయ్య గొంతు.

చిటికయ్య కుట్టుపిట్ట. మనిషి బొటనవేలంత ఉంటాడు. వీపు లేతాకుపచ్చ, నెత్తిన ఇటుకరంగు టోపీ, తోకలో మిగతావాటికన్నా పొడుగ్గా రెండు ఈకలు. ఆ రెండు ఈకల్ని చూసుకునే అంత గీర. తోక నిక్కబొడుచుకుని "టువ్వీ టువ్వీ టువ్వీ" అని అందుకున్నాడంటే, గోడవతల కుళాయి దగ్గర బిందెలు పట్టుకునే ఆడవాళ్ళు తలలెత్తి కాకంత పిట్ట కోసం వెతికేవాళ్ళు. ఎదురుగా కరివేపాకు రెబ్బమీద ఊగుతున్న బొటనవేలు ఒక్కరికీ ఆనేది కాదు.

"చూశావా, నా పాటకి ఊరు ఊరంతా ఎలా వెర్రెత్తిపోతోందో!" అనేవాడు పెళ్ళాంతో.

"చూశాను. వాళ్ళు వెతికేది నిన్ను కాదు," అనేది సూదమ్మ.

సూదమ్మకి పాటలు రావు. పని వచ్చు. పచ్చి ఆకుని దోనెలా మడిచి, అంచుల్లో ముక్కుతో చిల్లులు పొడిచి, సాలీడు దారమో దూదిపోగో దూర్చి, అవతలవైపు చిన్న ముడి వేసి లాగిందంటే ఆ ఆకు మళ్ళీ విచ్చుకోదు. కుట్టుపిట్టల్లో కుట్టు ఆడవాళ్ళది. మగవాళ్ళది పాటా, పక్కన నిలబడి సలహాలివ్వడమూ.

వైశాఖం ఎండలు మొదలయ్యాయి. మామిడికాయలు బరువెక్కి కొమ్మలు కిందికి దిగాయి. సూదమ్మకి ఒళ్ళు బరువెక్కింది. ఆకు వెతకాలి.

"ఇదిగో, ఈ అరిటాకు ఎంత వెడల్పుందో చూడు," అన్నాడు చిటికయ్య.

"గాలి ఒక్కటి గట్టిగా వీచిందంటే చీలికలు పేలికలు."

"పోనీ ఆ మందారం?"

"వకుళమ్మ రోజూ పూలు కోస్తుంది. కోసినప్పుడల్లా నా ఇల్లు ఊగాలా?"

"ఈ పండాకు అయితే రంగు బాగుంది."

"రేపు రాలిపోతుంది. రాలిపోయే ఇంట్లో పిల్లల్ని పెంచే ముఖం చూడు!"

చివరికి సూదమ్మ ఎంచుకున్నది వెనక వసారా మెట్ల పక్కన మనిషి ఎత్తు పెరిగిన బాదం మొక్కని. అందులో మోకాలెత్తున ఉన్న ఒక ముదురాకుని.

చిటికయ్య అదిరిపడ్డాడు. "వసారాకి రెండు బారలు లేదే! మనుషుల ఒళ్ళో కడతానంటావేమిటి?"

"ఏ మనుషులు? వకుళమ్మ తొమ్మిదింటికి పోస్టాఫీసుకి పోతుంది, దీపాలవేళకి వస్తుంది. పగలంతా ఈ వసారా మనదే."

లెక్క సరిగ్గానే ఉంది. నాలుగు రోజుల్లో ఆకు సంచి తయారైంది. ఇక లోపల మెత్తగా పరుపు పరిస్తే చాలు.

ఐదోరోజు ఆదివారం. వకుళమ్మ అటకమీంచి ఆవకాయ జాడీ దించబోయి, ముక్కాలిపీటమీంచి జారి, జాడీని గుండెలకి హత్తుకుని మరీ పడింది. జాడీకి చిన్న గీత కూడా పడలేదు. వకుళమ్మ చీలమండ మాత్రం విరిగింది. సాయంత్రానికి మోకాలిదాకా సిమెంటు కట్టు వేసుకుని తిరిగొచ్చింది. ఆరువారాలు కదలొద్దన్నారట. సోమవారం పొద్దున్నే వెనక వసారాలో పడక్కుర్చీ వేయించుకుని, కాలు స్టూలుమీదికి చాపి, కూర్చుంది.

సరిగ్గా బాదం మొక్కకి ఎదురుగా.

చిటికయ్య పెళ్ళాం వైపు చూశాడు. పాపం, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ మండింది సూదమ్మకి.

"ఏమిటా చూపు? ఆవిడ జాడీ దించుతుందని నేను కలగన్నానా?"

"ఇంకో ఆకు చూసుకుందామా?"

"రేపటికల్లా గుడ్డు పెట్టాలయ్యా నేను! రాత్రికి రాత్రి ఇల్లు కుట్టడానికి నాకేమైనా పది ముక్కులున్నాయా?"

వేరే దారి లేదు. గూటికి తిన్నగా వెళ్ళడం కుట్టుపిట్టల ఇంటా వంటా లేదు. మొదట గోంగూర మడి, తర్వాత బట్టల తీగ, ఆ తర్వాత బాదం మొక్క వెనకవైపు, అక్కణ్ణించి చటుక్కున లోపలికి. ఇప్పుడు ఆ చుట్టుతిరుగుడు రెండింతలు చేశారు. ఒక వసతి కూడా దొరికింది. సిమెంటు కట్టు అంచున తెల్లటి దూది పొడుచుకొచ్చి ఉంది. చిటికయ్య మెల్లగా వచ్చి, కాలివేళ్ళ పక్కన వాలి, ఒక పీకు పీకి తుర్రుమన్నాడు. వకుళమ్మ ఊపిరి బిగబట్టింది. కళ్ళు ఇంతింత చేసుకుంది.

"ఒసేయ్ మీగడా! చూశావటే! నా కట్టులోంచి దూది పట్టుకుపోయిందే!"

మీగడ ఆవిడ పిల్లి. పాలమీద పేరుకున్న మీగడ రంగు. కుర్చీకింద చాపమీద పడుకుని, ఒక కన్ను సగం తెరిచి, మళ్ళీ మూసింది.

ఆ పూటే వకుళమ్మకి పిచ్చి పట్టుకుంది. ఇరవయ్యేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటూ పగటిపూట తన పెరడెలా ఉంటుందో చూసి ఎరగదు. ఇప్పుడు చూడ్డమే పని. మరిది చేత బైనాక్యులర్లు తెప్పించుకుంది. పిట్టల భాషలో వాటి పేరు గొట్టాలు. ఒళ్ళో ఒక నోట్‌బుక్కు, చెవిలో పెన్సిలు. తేనెపిట్ట ఏ పువ్వుమీద ఎంతసేపు ఆగిందీ, ఉడుత ఎన్ని మామిడిపిందెలు పాడుచేసిందీ, వేపపూత ఎప్పుడు రాలిందీ అన్నీ రాసుకునేది. రాస్తూ పైకి చదివేది. వినడానికి ఎదురుగా మీగడ తప్ప ఎవరున్నారు?

"నందివర్ధనంలో పిగిలిపిట్ట గూడు! రెండు గుడ్లు! గులాబిరంగు చుక్కలు! ఎంత ముచ్చటగా ఉన్నాయే మీగడా!" అని చదివింది గురువారం పొద్దున్న.

మధ్యాహ్నం వకుళమ్మ నిద్రలేచేసరికి గూడు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. గుడ్లు లేవు.

"అయ్యో! ఏ తొండ తినేసిందో పాపిష్ఠిది!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, నోట్‌బుక్కులో 'తొండ?' అని రాసింది. కుర్చీకింద మీగడ మూతి నాక్కుంటూ ఎంతో జాలిగా చూసింది.

పిగిలిపిట్ట నెత్తిన నల్లజుట్టు వేలాడేసుకుని వచ్చి బట్టలతీగమీద వాలింది. మామూలుగా ఆవిడ జుట్టు కొప్పులా నిక్కి ఉంటుంది. ఆవిడ కబుర్లకి పెరడు పట్టదు.

"అక్కా," అంది సూదమ్మ, దగ్గరికి జరిగి.

"ఎవరికీ కనబడదనుకున్నానే సూదీ. పైన ఆకులు, కింద ఆకులు. మా ఆయనకే రెండుసార్లు దారి తప్పింది. ఆ పిల్లి మెడ పైకెత్తడం కూడా నేను చూళ్ళేదు. తిన్నగా వచ్చింది. పాలగిన్నె దగ్గరికి వచ్చినట్టు వచ్చింది." ముక్కు చీదింది. "ఇంకో పదిరోజుల్లో మళ్ళీ పెడతాననుకో. పెట్టకేం చేస్తాను. కానీ ఎక్కడ పెట్టేదే?"

సూదమ్మ గూట్లో అప్పటికి మూడు గుడ్లున్నాయి. ఆవగింజంత మచ్చలున్న మూడు గుడ్లు. వాటిమీద కూర్చుని, ఆకు కుట్ల సందులోంచి, ఆ రోజంతా ఆమె పిల్లినే చూసింది.

సాయంత్రానికి మొగుణ్ణి పిలిచింది.

"ఏమయ్యా, ఇలా రా. పాట ఆపి రా. ఆ పిల్లి మన పిట్టల్ని చూడటం లేదు."

"మంచిదే కదే!"

"మంచిది కాదు. అది వకుళమ్మని చూస్తోంది. ఆవిడ గొట్టాలు ఎటు తిరిగితే దాని చెవులు అటు తిరుగుతున్నాయి. గొట్టాలు ఒకచోట ఆగి, ఆవిడ పెన్సిలు తీసిందనుకో, పిల్లి తోక చివర కదులుతోంది. నందివర్ధనం అలాగే దొరికింది దానికి."

చిటికయ్య తోక మెల్లగా కిందికి దిగింది. "అంటే ఆవిడ మన గూడు చూసిన రోజు..."

"అదే రోజు మధ్యాహ్నం."

రుజువు చేసుకోవాలని సూదమ్మే మర్నాడు బట్టల తీగమీదికి వెళ్ళి, పిల్లికి అందనంత ఎత్తున కూర్చుని పలకరించింది.

"ఏం పిన్నీ, ఎండగా ఉందని చెట్టెక్కడం మానేశావా?"

మీగడ ఆవులించింది. "చెట్లెక్కి, కొమ్మకొమ్మా వెతికి, గోళ్ళు అరగదీసుకోవడం వీధిపిల్లుల పని అమ్మాయ్. మాకు వెతికిపెట్టే మనిషి ఉంది."

"పాలన్నం పెట్టే మనిషి కూడా ఉందిగా. కడుపు నిండడం లేదా?"

"పాలన్నం తిని తిని నాలుక చప్పబడి చచ్చిందే! అయినా నీకెందుకా దిగులు? మా అమ్మ నీ గూటికోసమే తెగ వెతుకుతోంది. ఎక్కడ కట్టిందే, ఎక్కడ కట్టిందే అని నిద్దట్లో కూడా అదే కలవరింత. నువ్వేం శ్రమపడక్కర్లేదు. ఆవిడ చూస్తుంది. నేను వస్తాను."

సూదమ్మ నవ్వుతూనే ఎగిరిపోయింది.

ప్రమాదం ఎంతో దూరంలో లేదు. ఆ మధ్యాహ్నమే వచ్చింది. పరుపులో దూదిపోగు ఒకటి కుట్ల సందులోంచి బయటికి జారి, గాలికి తెల్లగా ఊగుతోంది. సూదమ్మ లోపల గుడ్లమీద ఉంది. గొట్టాలు మెల్లగా మామిడి మీంచి జామకి, జామ మీంచి అరటికి, అరటి మీంచి బాదం మొక్కకి వచ్చాయి. వచ్చి, ఆగాయి.

కుర్చీకింద మీగడ కళ్ళు తెరిచింది.

వకుళమ్మ చెయ్యి పెన్సిలు కోసం చెవి దగ్గరికి వెళ్ళింది.

"టువ్వీ!" అంటూ చిటికయ్య ఎక్కణ్ణించో రాయిలా వచ్చి ఆవిడ కట్టుమీద పడ్డాడు. ఇంత దూది పీకాడు. పీకినవాడు పారిపోలేదు. కాలివేళ్ళమీదికి ఎక్కి, తోక విప్పి, ఈ చివర్నించి ఆ చివరికి రెండుసార్లు నాట్యమాడాడు. తర్వాత దూది మీసాల్లా వేలాడుతుండగా, మెల్లిగా, కావాలని మెల్లిగా, మామిడిచెట్టువైపు ఎగిరాడు.

గొట్టాలు అతని వెంట పోయాయి. పిల్లి చెవులు గొట్టాల వెంట పోయాయి.

సూదమ్మ పోగుని ముక్కుతో లోపలికి లాక్కుని, అప్పుడు గాలి పీల్చుకుంది. గాలితో పాటు ఒక ఆలోచన కూడా లోపలికి వచ్చింది. చిటికయ్య తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"ఏమయ్యా, ఆవిడ ఎవరి వెంట చూసింది?"

"నా వెంట. చూడదా మరి? ఈ తోక..."

"తోక సంగతి తర్వాత. పిల్లి ఎవరి వెంట చూసింది?"

"ఆవిడ వెంట."

"మరి పిల్లి ముక్కుకి కట్టిన తాడు ఎవరి చేతిలో ఉన్నట్టు?"

చిటికయ్య నోరు తెరిచాడు. ఆ పెరట్లో మొట్టమొదటిసారిగా అతని నోరు తెరుచుకున్నా పాట రాలేదు.

మామిడిచెట్టుకి కింది కొమ్మ ఒకటి నీళ్ళ గోలెం మీదికి వంగి ఉంటుంది. ఆ కొమ్మ చివర నాలుగైదు ఆకులు అంచులు కలిపి ఉండలా అతుక్కుని, గుమ్మడిపిందెంత గూడు వేలాడుతోంది. దూరం నుంచి చూస్తే అచ్చం కుట్టిన ఆకుసంచే. దగ్గరికి వెళ్ళి చూసేవాళ్ళు ఉండరు. అది ఎర్రచీమల ఇల్లు. పొడుగుకాళ్ళ మామిడి చీమలు, కాయ కోసే మనిషిని కూడా వదలకుండా వెంటపడి కుట్టేవి.

సూదమ్మ రెండు జానల దూరంలో కొమ్మమీద వాలి, వినయంగా తల వంచింది. "అత్తా, లోపలున్నారా?"

కాపలాకాస్తున్న ముసలిచీమ ఒకటి మీసాలు ఎత్తింది. "ఎవరది? అక్కడే ఆగు. ఏం కావాలి?"

"ఏమీ వద్దు. మీ పనితనం చూసి పోదామని వచ్చాను. నేనూ ఆకులు కుట్టేదాన్నే."

"నువ్వు దారాలూ ముడులూ వాడతావటగా." చీమ గొంతులో కొంచెం చులకన ఉంది. "మేమలా కాదు. మా పసిపిల్లల నోట్లోంచి వచ్చే పట్టుదారంతో అంచులు అతికిస్తాం. ఎక్కడా ముడి కనబడదు."

"అందుకే వచ్చానత్తా. నాలుగురోజులు మీ ఇంటి దరిదాపుల్లో తిరుగుతాం, మీ గడప తొక్కం. మీ ఇంటిని మా ఇల్లని ఒకరు పొరపడాలి. అంతే."

"ఎవరు?"

"పిల్లి."

ముసలిచీమ మీసాలు దించింది. "మా ఆకు కదిపిన వాళ్ళని పిల్లా, పిట్టా అని మేం అడగం. కుడతాం. ముందే చెప్పలేదనకు."

"ఆ ఒక్కమాట చాలత్తా," అంది సూదమ్మ.

మర్నాటినుంచి పెరట్లో చూడాలి చిటికయ్య వైభవం! పుట్టినప్పటినుంచీ "అరవకయ్యా, గూడు దగ్గర అరవకయ్యా" అని తిట్లు తిన్నవాడికి, తెల్లవారి లేస్తే అరవమనే పని. దూదిపోగు పట్టుకుని వకుళమ్మ ముక్కుముందునుంచి మామిడికొమ్మకి వెళ్ళేవాడు. చీమలగూటికి జానెడు ఇవతల ఆగి, పోగుని కొమ్మ సందులో దోపి, తోక ఎత్తి, గొంతు చించుకునేవాడు. గుడ్లమీంచి ఎప్పుడైనా లేచొస్తే సూదమ్మ కూడా వెళ్ళి పక్కన కూర్చుని, భార్య భర్తని చూడాల్సినంత ప్రేమగా చూసేది.

"ఈ చూపు ఇంట్లో ఎప్పుడూ చూళ్ళేదే!" అన్నాడు చిటికయ్య.

"నటిస్తున్నానయ్యా. నువ్వు పాడు."

రెండోరోజు ఉత్సాహం ఎక్కువై, కొత్త రాగం ఒకటి అందుకుని, ఒక అడుగు ముందుకు వేశాడు. చీమ ఒకటి కాలిగోరు పక్కన పట్టుకుంది. అంతే, ఆ రాగంలో ఎవరూ వినని గమకం ఒకటి పలికింది. గోడవతల బిందెలవాళ్ళు కూడా "ఆహా" అన్నారు.

"అంత బాగా ఎప్పుడూ పాడలేదు నువ్వు," అంది సూదమ్మ, కడుపు పట్టుకుని.

మూడోరోజు పొద్దున వకుళమ్మ కుర్చీలోంచి సగం లేచి, కట్టు గుర్తొచ్చి, మళ్ళీ కూలబడింది. "దొరికిందే మీగడా! మామిడి కింది కొమ్మ చివర! ఆకులు కుట్టి, ఎంత గుండ్రంగా కట్టిందే! మగాయన పక్కనే కాపలా!" పెన్సిలు పరుగులు తీసింది. 'కుట్టుపిట్ట గూడు. మామిడి. గోలెం పైన.'

కుర్చీకింద తోక చివర టిక్కు టిక్కుమని కదిలింది.

మధ్యాహ్నం వకుళమ్మకి కునుకు పట్టింది. నోట్‌బుక్కు గుండెలమీద బోర్లా పడింది. మీగడ లేచి, ముందుకాళ్ళు చాచి, వెనక్కాళ్ళు చాచి, తీరుబడిగా ఒళ్ళు విరుచుకుంది. బాదం మొక్క పక్కనించే, సూదమ్మ గూడు మీసాలకి తగిలేంత దగ్గరనించే, తల తిప్పకుండా నడిచి వెళ్ళింది. లోపల సూదమ్మ మూడు గుడ్లనీ రెక్కలకింద నొక్కుకుని, ముక్కు మూసుకుని, రెప్ప వెయ్యలేదు. ఒక్కసారి, ఒక్కసారి తల పక్కకి తిప్పితే అయిపోయేది.

తిప్పలేదు. తిప్పే అవసరమేముంది? గొట్టాలు చెప్పేశాయిగా.

మామిడి మొదలెక్కింది. కింది కొమ్మమీదికి వచ్చింది. కొమ్మ సన్నబడేచోట పొట్ట ఆనించి పాకింది. చిటికయ్య పైకొమ్మకి ఎగిరి, దొంగ ఏడుపు మొదలుపెట్టాడు. "వద్దు పిన్నీ! నీ కాళ్ళు పట్టుకుంటా పిన్నీ! మా ఇల్లు ముట్టుకోకు పిన్నీ!"

"ఏడవకురా అబ్బాయ్, ఒక్క గుటకలో అయిపోతుంది," అంది మీగడ. ఒక పంజాతో కొమ్మ పట్టుకుని, రెండో పంజాతో ఆకుల ఉండని చీల్చి, మూతి మొత్తం లోపలికి పెట్టింది.

ఒక్క క్షణం ఏమీ కాలేదు.

తర్వాత ఆ పెరట్లో పిల్లి గొంతులోంచి ఎన్నడూ రాని కూత ఒకటి వచ్చింది. మీసాలకి చీమలు, ముక్కుకి చీమలు, చెవుల్లోపల చీమలు, కనురెప్పలమీద చీమలు. పంజా విదిలిస్తే పంజాకి, మూతి రుద్దుకుంటే మెడకి. నాలుగు కాళ్ళతోనూ మొహం తుడుచుకోబోయింది మీగడ. నాలుగు కాళ్ళూ మొహం దగ్గరుంటే కొమ్మని పట్టుకునేదెవరు? గోలెంలో ధబ్బుమని పడింది.

వకుళమ్మ ఉలిక్కిపడి లేచింది. గోలెంలోంచి పిండిన మసిగుడ్డలాంటిది ఒకటి పైకి లేచి, అంచుమీద వేలాడి, కిందపడి, ఇంట్లోకి పరుగెత్తింది. ముక్కు అప్పటికే ఉబ్బి జామకాయంత అయింది.

"ఓసి నా తల్లీ! నీళ్ళు తాగబోయి పడ్డావుటే!" అంది వకుళమ్మ, పాపం ఎప్పటిలాగే.

బట్టలతీగమీద పిగిలిపిట్ట జుట్టు చాలారోజుల తర్వాత కొప్పులా నిక్కింది. "సూదీ! సూదీ! మళ్ళీ పడెయ్యవే దాన్ని, నేను సరిగ్గా చూళ్ళేదు!"

ఇక్కడితో అయిపోతే సగమే కథ.

పదోరోజున గుడ్లు పగిలాయి. మూడు పసుపు మూతులు. వాటికి ఆకలి తప్ప ఇంకో విషయం తెలీదు. మెల్లగా మాట్లాడాలనీ తెలీదు. తండ్రి గొంతు ముగ్గురికీ వచ్చింది. బాదం ఆకు పొద్దస్తమానం కిచకిచలాడుతుంటే వకుళమ్మ ఎన్నిరోజులని వినకుండా ఉంటుంది?

"మీగడా!" అంది ఒక ఉదయం, గుసగుసగా, గుండె ఆగినంత సంతోషంతో. "ఇక్కడేనే! నా కళ్ళెదుటే! రెండు బారల దూరంలో! నేనెంత గుడ్డిదాన్నే!" గొట్టాలు పక్కన పెట్టేసింది. వాటి అవసరం కూడా లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బాదం ఆకునే చూస్తూ కూర్చుంది.

మీగడ కుర్చీకింద లేచి కూర్చుంది. ముక్కుమీద వాపు తగ్గి, వెంట్రుకలు ఊడిన చోట ఇంకా ఎర్రగా ఉంది.

సూదమ్మ నోట్లో పచ్చపురుగుతో బట్టలతీగమీద ఆగిపోయింది. చిటికయ్య పక్కన వాలాడు. "ఇప్పుడేం చేద్దామే? మళ్ళీ నాట్యమాడనా?"

"ఇంక నీ నాట్యం పనిచెయ్యదు. పిల్లల గొంతు ఎక్కడ దాస్తాం?" పిల్లి వకుళమ్మని చూసింది. బాదాన్ని చూసింది. మళ్ళీ వకుళమ్మని చూసింది. సూదమ్మ పురుగుని మింగేసింది. నిజానికి పిల్లల కోసం తెచ్చింది. కంగారులో మింగేసింది. తర్వాత రెక్కలు సర్దుకుని, తిన్నగా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చుట్టుతిరుగుడు లేకుండా తిన్నగా, వెళ్ళి బాదం కొమ్మమీద వాలింది.

"రా పిన్నీ, రా! మా గూడు ఇదే. పిల్లలు ముగ్గురు. మెత్తగా, బూరెల్లా ఉన్నారు. ఒక్కసారి మూతి పెట్టి చూసిపో."

మీగడ చెవులు వెనక్కి వాలాయి.

"చూడు ఎంత దగ్గరో! చెట్టు కూడా ఎక్కక్కర్లేదు. మీ అమ్మ కూడా చూపిస్తోందిగా, ఆవిడ చూసిందంటే నువ్వు వస్తానన్నావుగా!"

పైకొమ్మమీంచి చిటికయ్య అందుకున్నాడు. "రా పిన్నీ! నీకోసం కొత్తగా కుట్టాం పిన్నీ!" లోపల పిల్లలు ముగ్గురూ తల్లి గొంతు విని, పురుగు వచ్చిందనుకుని, నోళ్ళు బార్లా తెరిచి ఒక్కసారిగా అరిచారు.

మీగడ ఒక అడుగు వేసింది. సూదమ్మ కొమ్మని గోళ్ళతో గట్టిగా పట్టుకుంది. ముఖంలో మాత్రం నవ్వు చెరగనివ్వలేదు.

పిల్లి ఆగింది. ఎర్రబడ్డ ముక్కు ఒక్కసారి ముడుచుకుంది.

"ఎవరితో చెబుతున్నావే ఈ కబుర్లు? పిల్లలంట! మెత్తగా ఉన్నారంట! లోపలున్నవాళ్ళు ఎలాంటి పిల్లలో నా ముక్కుకి తెలుసు. పిట్టపిల్లల్లా అరవడం కూడా నేర్పావా ఆ చీమలకి?" అని, వకుళమ్మవైపు తిరిగింది. "ఇంక ఈవిడ! ఈవిడ కళ్ళు మంచివి కావు. ఈవిడ ఎటు చూస్తే అటు వెళ్ళకుండా ఉంటే చాలు, నాలుగురోజులు ఎక్కువ బతుకుతాను." తోక ఊపుకుంటూ బాదానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ రోజునుంచి మీగడ నియమం అదే. వకుళమ్మ కుడివైపు చూస్తే తను ఎడమవైపు చూసేది. వకుళమ్మ బాదం మొక్కనే చూసేది కనుక, మీగడ గోడనే చూసేది. గోడమీద బల్లి కూడా ఉండేది కాదు.

మృగశిర వచ్చింది. మొదటి వాన మట్టివాసన లేపుతూ మెట్లదాకా తడిపింది. పిల్లలు ముగ్గురూ వానాగిన పొద్దున్న ఆకుసంచిలోంచి ఒకరినొకరు తోసుకుంటూ బయటపడి, ఒకడు గోంగూరలో, ఒకతె బట్టలతీగమీద వాలారు. మూడోవాడు దారితప్పి తిన్నగా వకుళమ్మ కాలిమీద వాలాడు. ముందురోజే కట్టు కోసేశారు. పాలిపోయి, సన్నబడిన ఆ కాలిమీద దూది వెతుక్కుని, దొరక్క, బొటనవేలిని ఒక పొడుపు పొడిచి పోయాడు. వకుళమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"వీడు అచ్చం నా పోలికే," అన్నాడు చిటికయ్య.

"నాకూ అదే దిగులు," అంది సూదమ్మ.

పిగిలిపిట్ట మళ్ళీ గూడు కట్టింది. ఎక్కడనుకున్నారు? వసారా పక్కన, వకుళమ్మ కుర్చీకి తిన్నగా ఎదురుగా, జాజితీగలో. తేనెపిట్ట వచ్చి వసారా దూలానికే తన సంచి వేలాడదీసింది. గోరింకలు కిటికీ పైన సందుకోసం నల్లంచిపిట్టతో పోట్లాడాయి. శ్రావణం వచ్చేసరికి, సెలవు అయిపోయి వకుళమ్మ పోస్టాఫీసుకి పోతూ కూడా పొద్దునా సాయంత్రం గొట్టాలు పట్టుకుని కూర్చుంటే, ఆవిడ చూపు పడని చోట ఒక్క గూడు లేదు.

"అమ్మా, కాస్త జరుగు, ఆవిడకి నేను కనబడాలి!" అని ఒకటంటే, "నేను ముందొచ్చాను, నన్ను చూడనీ!" అని ఇంకొకటి.

నోట్‌బుక్కు నిండిపోయి రెండోది కొన్నది వకుళమ్మ. 'ఈ ఏడు తొండలు తగ్గాయి' అని మొదటి పేజీలో రాసుకుంది.

ఆవిడ కుర్చీకింద, చుట్టూ ఇరవై గూళ్ళ కిచకిచల మధ్య, మీగడ పాలన్నం తిని గోడవైపు తిరిగి పడుకునేది.

సొంత కళ్ళు మూసుకుని ఎదుటివాళ్ళ చూపుతో వేటాడేవాళ్ళకి, నిజం మీసాలకి తగులుతున్నా అందదు.